మంచు పడితేనే కథ

గల్ఫ్‌లోని రువైస్‌లో రిఫైనరీ ఇంజినీరు గారింట్లో పాపను చూసుకునే రోజుల్లో, కరోనా గొడవ సద్దుమణిగాక, ఆయన తల్లి కెనడా నుంచి వచ్చారు. వాళ్ళు అక్కడి ఆదివాసులు, ఒజిబ్వేలట. మామ్మగారి సూట్‌కేసు నిండా నల్లటి బియ్యమే. చెరువులోకి పడవ మీద వెళ్ళి, కర్రలతో కంకులు తట్టి, గింజలు పడవలోనే రాల్చుకుంటారట. దున్నేది లేదు, నాటేది లేదు. గోదావరి జిల్లాలో నడుం విరిగేలా ఊడ్పులు ఊడ్చినదాన్ని, నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆరేళ్ళ పాపకు బియ్యం సంగతి పట్టలేదు. కుందేలుగా మారిపోయే మాయగాడి కథ కావాలి. మామ్మగారేమో నేల మీద మంచు పడితేనే చెబుతానన్నారు.

"ఇక్కడ చెమట తప్ప ఇంకేం పడదండీ మామ్మగారూ!" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.

"మంచు పడితే పాములూ కప్పలూ నిద్రపోతాయి. ఇప్పుడు చెబితే విని, కోపంతో మన పక్కలోకి వచ్చేస్తాయి" అన్నారు. అప్పటినుంచి నేనూ మంచం కింద చూసుకునే పడుకున్నాను.

ఆవిడ ప్రయాణం దగ్గర పడింది. పాప ఏడుపు చూడలేక, డీప్ ఫ్రీజర్ గోడలకు పేరుకున్న మంచు అట్లకాడతో గీకి, పళ్ళెంలో పోసి పెరట్లో పెట్టాను. మామ్మగారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. అందులో ఒక రొయ్య తోక కూడా ఉంది. నవ్వీ నవ్వీ అక్కడే కూలబడ్డారు. "నేలంతా కప్పాలమ్మా" అనేలోగా పళ్ళెంలో నీళ్ళే మిగిలాయి. మనవరాలి కన్నా పాములెక్కువా అని నాకు చెడ్డ కోపం వచ్చింది. కథ చెప్పకుండానే విమానం ఎక్కేశారు.

చలికాలంలో ఓ ఉదయం పాపకు జడ వేస్తుంటే వీడియో కాల్ వచ్చింది. మామ్మగారు ఫోను కిటికీ వైపు తిప్పారు. అక్కడ రాత్రి. వీధి దీపం కింద నేలంతా తెల్లగా ఉంది.

"పాములు పడుకున్నాయి. రా, కూర్చో" అన్నారు పాపతో.

సరిగ్గా అప్పుడే బయట స్కూలు బస్సు హారన్ కొట్టింది. సారూ మేడమూ డ్యూటీకి వెళ్ళిపోయారు. బడి మానిపిస్తే నా ఉద్యోగమే పోవచ్చు. సగం వేసిన జడతో పాప నా ముఖంలోకి చూస్తోంది. గబగబా వీధిలోకి వెళ్ళాను.

"భాయ్, బేబీ ఆజ్ నహీ ఆయేగీ. బరఫ్ గిరా హై."

ఇక్కడ మంచు పడటమేమిటని డ్రైవరు తల బయటపెట్టి ఆకాశం వంక చూశాడు. "పాగల్ హో గయీ క్యా?"

"యల్లా, జావ్!" అని బస్సును పంపించేశాను.

కథ సగం అయిపోయుంటుందని లోపలికి పరిగెత్తాను. మొదలే కాలేదు. మామ్మా మనవరాలూ నా కోసం చూస్తున్నారు.

"నువ్వూ కూర్చో, చెబుతాను" అన్నారు మామ్మగారు.