ఉష్ పిన్ని కేక

మా అమ్మాయిని పగలు చూసుకునే ఆవిడను వీధి వీధంతా ఉష్ పిన్ని అంటుంది. ఆవిడ ముందు ఎవరూ అనరు. అనాలన్నా ఆ ఇంట్లో గొంతు పెగలదు. గేటు దాటగానే ఎంతటివాళ్ళకైనా మాట గుసగుసైపోతుంది. పసిపిల్లలు నిద్రపోయే ఇల్లు అది. తలుపుల అంచులకు పాత కంబళి ముక్కలు అంటించి ఉంటాయి. కాలింగ్ బెల్ తీగ ఏనాడో పీకేశారు. ఇప్పుడు మీట నొక్కితే వంటగదిలో చిన్న ఎర్ర బల్బు వెలుగుతుంది. గరిటెలన్నీ చెక్కవి. కుక్కర్‌కైతే ఆ ఇంట్లో ప్రవేశమే లేదు.

"మూడు విజిళ్ళు వేస్తే ముగ్గురు లేస్తారు," అంటారు పిన్నిగారు, పెదాలు మాత్రమే కదిపి.

ఒకసారి గ్యాస్ బండ తెచ్చినతను దాన్ని ధన్‌మని వరండాలో దించాడట. ఆవిడ అతనితో గుసగుసగానే పోట్లాడారు. అతనూ గుసగుసగానే ఎదురు తిరిగాడు. చివరికి గుసగుసగానే రాజీపడ్డారు. దూరం నుంచి చూసినవాళ్ళు ఇదేదో ప్రేమ వ్యవహారం అనుకుని ఉంటారని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

నేను కెమిస్ట్రీ చదివి, ఊరి మంచినీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తున్నాను. పిల్ల పుట్టాక ల్యాబు జబ్బు ఇంటికీ పాకింది. పాల వేడి చూడటానికి థర్మామీటరు, గదిలో తేమకు ఒక మీటరు, చప్పుడు కొలవడానికి ఫోనులో ఒక యాప్. "నీ భయాలకి వేరే గది అద్దెకి తీసుకుందాం, ఈ ఇల్లు చాలట్లేదు," అంటుంది మా ఆవిడ. అలాంటి నేను రోజూ పిల్లను ఒకరి చేతుల్లో పెట్టి స్థిమితంగా పనికి వెళ్తున్నానంటే అది పిన్నిగారి అరచేతి మహిమే.

ఆవిడ జోకొడితే పడుకోని పిల్ల లేదు. అందులో కిటుకేమిటని ఒకసారి అడిగాను.

"కొట్టడం అందరికీ వచ్చు అబ్బాయ్. ఆపడమే రాదు. నిద్రపోయారు కదా అని దబ్బున చెయ్యి తీసేస్తారు. ఏమైందా అని వాళ్ళు కళ్ళు తెరుస్తారు. తగ్గిస్తూ, తగ్గిస్తూ, వాళ్ళకే తెలీకుండా ఆపాలి."

తన దగ్గరికి వచ్చే ప్రతి పిల్లకూ ఆవిడ ఒక ముద్దుపేరు పెట్టుకుంటారు. మా అమ్మాయి గుండుసూది. "ఇంతే ఉంటుంది గానీ, ఎక్కడుందో మర్చిపోనివ్వదు," అన్నారు. మా గుండుసూది ఈమధ్యే నడక నేర్చింది. నేర్చిన రోజు నుంచీ దాని చూపంతా గేటు మీదే.

ఒక శనివారం మధ్యాహ్నం పిల్లను తెచ్చుకోవడానికి వెళ్ళాను. వరండాలో మోకాళ్ళదాకా వచ్చే నల్ల బూట్లు రెండు బుద్ధిగా పక్కపక్కన పెట్టి ఉన్నాయి. లోపల ఒక అమ్మాయి మునివేళ్ళ మీద నడుస్తోంది. జుట్టు సగం నీలం, చెవికి వరసగా రింగులు, మణికట్టుకు మేకులున్న తోలుపట్టీ. ఊళ్ళో సగం గోడల మీద మైకు పట్టుకుని నోరు తెరిచి ఉన్న పోస్టరు ఆ అమ్మాయిదే. కుర్రకారుకు వెర్రెక్కించే రాక్ బ్యాండులో గాయని. నిద్రపోతున్న పిల్లల మధ్య నిలబడి, ఊపిరి కూడా దాచుకుంటూ మాట్లాడుతోంది.

"వచ్చే శనివారం సాయంత్రం మా ప్రోగ్రాం పిన్నీ. నువ్వు రావాల్సిందే."

"నాకెందుకే తల్లీ ఆ గోల?"

"ఆ గోల పుట్టింది ఈ ఇంట్లోనే కదా!"

ఆ అమ్మాయి పిన్నిగారు చూసుకున్న మొదటి పిల్లట. ఏడుపు మొదలుపెడితే వీధి చివర కుక్కలు సైతం లేచి వెళ్ళిపోయేవట. పేరు గిలక్కాయ.

"ఊరికే వచ్చి కూర్చోవడం కాదు," అంది గిలక్కాయ రెండు పాసులు ఆవిడ చేతిలో పెట్టి. "పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ నువ్వు నన్ను గట్టిగా పిలవలేదు. అక్కడ ఒక్కసారి పిలవాలి. స్టేజీ మీదికి వినపడాలి. లేకపోతే చివరి పాట పాడను, జనం నీమీద పడతారు. నీ ఇష్టం."

బూట్లు చేత్తో పట్టుకుని గేటు దాకా వెళ్ళి, అక్కడ తొడుక్కుంది. పిన్నిగారి ముఖం మాత్రం తెల్లబోయి ఉంది.

"అది తెలిసే అడిగిందో, తెలీక అడిగిందో," అన్నారు.

"ఏమైంది పిన్నిగారూ?"

"దానికప్పుడు మీ పిల్ల వయసే. ఎవరో గేటు గడియ పెట్టకుండా వెళ్ళారు. చూసేసరికి ఇది రోడ్డు అంచున ఉంది. అటునుంచి పాలవ్యాను వస్తోంది. పిలుద్దామని నోరు తెరిచాను అబ్బాయ్. గాలి తప్ప ఏమీ రాలేదు. పరుగెత్తి పట్టుకున్నాననుకో. కానీ నా గొంతు అప్పుడే పోయింది. ఉందో లేదో మళ్ళీ చూసుకోలేదు. భయం."

ఆవిడ తన భయాన్ని నాతో పంచుకుందామనుకున్నారు. నేను మొత్తంగా తీసేసుకున్నాను. నా చూపు గేటు మీదికి, అక్కణ్ణుంచి రోడ్డు మీదికి, అక్కణ్ణుంచి చంకలో ఉన్న గుండుసూది మీదికి పోయింది.

ఇంటికి వెళ్ళి చెబితే మా ఆవిడే దారి చూపింది. "గేటుకి తాళం వేయించొచ్చు. కానీ నీకు తాళం చాలదు, నాకు తెలుసు. ఆవిడతో నువ్వే వెళ్ళు. పిలవగలిగితే ఆవిడ భయం పోతుంది, నీదీ పోతుంది. పిల్ల నా దగ్గరుంటుంది."

ప్రయోగానికి ముందు రిహార్సల్ ఉండాలి కదా. మా ల్యాబు పక్కనే నీళ్ళ పంపుల షెడ్డు ఉంది. అందులో ఎంత అరిచినా బయటికి వినపడదు. పిన్నిగారిని అక్కడికి తీసుకెళ్ళి, ఊపిరితిత్తులు, స్వరతంత్రులు, గాలి ఒత్తిడి అంటూ బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, కళ్ళు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చి, "గిలక్కాయా," అన్నారు. దీపం కూడా రెపరెపలాడదు ఆ గాలికి.

పంపు ఆపరేటరు తల దూర్చి చూశాడు. "అరుపులు ప్రాక్టీసు చేస్తామన్నారు. ఎవర్నో దీవిస్తున్నట్టున్నారే?"

"నువ్వు అరిచి చూపించవయ్యా," అన్నాను ఒళ్ళుమండి.

అతను అరిచాడు. షెడ్డు రేకులు మోగాయి. పిన్నిగారి వేలు దానంతటదే పెదాల మీదికి పోయింది. "ఉష్!"

అతను చటుక్కున నోరు మూసుకున్నాడు. ఎందుకు మూసుకున్నాడో అతనికే తెలియదు.

శనివారం రానే వచ్చింది. పిన్నిగారు మెత్తటి అడుగు చెప్పులు వేసుకుని, చేతిసంచిలో మంచినీళ్ళ సీసా పెట్టుకుని తయారయ్యారు. నా జేబులో మూడు జతల స్పాంజి చెవిబిరడాలు. ఒకటి ఆవిడకు, ఒకటి నాకు, ఇంకొకటి ఎందుకైనా మంచిదని.

హాలు గేటు దగ్గర కాపలా అతను ఆవిడను ఎగాదిగా చూశాడు. "అమ్మా, దారి తప్పి రాలేదు కదా?"

"లేదు నాయనా. మా పిల్ల పాడుతోంది."

"ఏం పేరు?"

"గిలక్కాయ."

నేను గబగబా పాసులు చూపించాను.

మా చోటు స్టేజీకి దగ్గరలో, ఇనప కటకటాల పక్కన. వెనక ఎంత దూరం చూసినా తలలే. నేనూ ఇలాంటిదానికి రావడం అదే మొదటిసారి. చదువుకునే రోజుల్లో అందరూ వెళ్తుంటే చెవులు పాడవుతాయని హాస్టల్లో కూర్చున్నవాణ్ణి. లైట్లు ఆరిపోయాయి. జనం ఒక్కపెట్టున హోరెత్తారు. చీకట్లో డ్రమ్ము మీద మొదటి దెబ్బ పడింది.

అది చెవికి వినపడలేదు, పక్కటెముకలకు వినపడింది. రెండో దెబ్బ అరికాళ్ళలోంచి వచ్చింది. ఆపైన గిటార్లు అందుకున్నాయి, స్టేజీ నిండా తెల్లటి వెలుగు విరగకాసింది, మధ్యలో నీలం జుట్టు ఎగరేస్తూ గిలక్కాయ గొంతెత్తింది. చప్పుడు కొలుద్దామని ఫోను చేతిలో పట్టుకున్నవాణ్ణి, దాన్ని ఎప్పుడు జేబులో వేసుకున్నానో తెలియదు. చూస్తే నేను గెంతుతున్నాను! పెళ్ళిఫొటోలో కూడా కదలని నేను!

భయంభయంగా పక్కకు చూశాను. పిన్నిగారి కళ్ళు ఇంతింతలయ్యాయి. నోరంతా నవ్వు. కుడి అరచేయి కటకటాల మీద పడుతూ లేస్తోంది, డ్రమ్ముతో సమానంగా. జోకొడుతున్నారు.

"ఆ డ్రమ్ముల కుర్రాడికి చెయ్యి బాగా కుదిరింది అబ్బాయ్!"

ఆ మాట నాకు స్పష్టంగా అర్థమైంది. చుట్టుపక్కల వాళ్ళంతా ఒకరి చెవిలో ఒకరు గొంతు చించుకుంటున్నా ఏమీ అర్థం కాక చేతులు తిప్పుకుంటున్నారు. మేమిద్దరమే హాయిగా కబుర్లాడుకుంటున్నాం. పెదాలు చూసి మాట పట్టుకోవడం ఆవిడ ఇంట్లో నాకు ఎప్పుడో అలవాటైంది.

కాసేపటికి ఆవిడ మోచేత్తో పొడిచి ముందుకు చూపించారు. మా ముందు ఒక తండ్రి భుజం మీద పసివాడు నిద్రపోతున్నాడు. ఆ హోరులో! ఎవరీ బాధ్యత లేని మనిషి అని నా రక్తం మరిగేలోపే పిల్లవాడి చెవుల మీద డిప్పల్లాంటి పెద్ద రక్షణ కవచాలు కనిపించాయి. తండ్రి భుజం తట్టి, అవి ఎక్కడ దొరుకుతాయని సైగచేసి అడిగాను.

"వింతేముంది, దెబ్బ ఒళ్ళంతా తెలుస్తోందిగా, పడుకోరూ?" అన్నారు పిన్నిగారు.

అంతలో గిలక్కాయ మైకు అందుకుంది. "ఇవాళ ఈ హాల్లో మా పిన్ని ఉంది. నా ఏడుపు అందరికంటే ఎక్కువ విన్న మనిషి. ఈ పాట ఆవిడకి. పాట అయ్యేలోపు ఆవిడ నన్ను పిలవాలి. పిలిస్తేనే చివరి పాట!"

హాలు ఊగిపోయింది. పాట మొదలైంది. పిన్నిగారు కటకటాలు పట్టుకుని గాలి పీల్చారు. మెడ నరాలు ఉబ్బాయి. పెదాలు "గి" అన్నాయి. ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు. నేను నా ఊపిరి కూడా ఆవిడకే ఇచ్చేద్దామన్నంతగా బిగబట్టుకున్నాను. ఆవిడ నావైపు తిరిగారు. కళ్ళలో నీళ్ళు.

"రావట్లేదు అబ్బాయ్. అప్పట్లాగే."

సరిగ్గా అప్పుడే మా వెనక కుర్రాళ్ళు పెద్ద బూర ఒకటి తీసి, నిద్రపోతున్న పసివాడి నెత్తి మీదుగా బయ్యిమని ఊదారు. పిన్నిగారు గిరుక్కున తిరిగారు. వేలు పెదాల మీదికి పోయింది. "ఉష్!" కుర్రాళ్ళు బూర దించేశారు. అదే వేలితో, అదే కోపంతో ఆవిడ మళ్ళీ స్టేజీ వైపు తిరిగారు. గిలక్కాయ అప్పుడే స్టేజీ అంచుకు వచ్చి ఉంది. ఆవిడను చూసింది.

ఆ పిల్ల చేసింది తనకు తెలిసి చేసి ఉండదు. పాట మధ్యలో నోరు మూసుకుంది. వేలు పెదాల మీద పెట్టుకుంది. రెండో చెయ్యి పైకెత్తింది. డ్రమ్ములు ఆగాయి. గిటార్లు ఆగాయి. ఏం జరిగిందో తెలియక అంత జనమూ బిక్కచచ్చిపోయి నిలబడ్డారు. ఎక్కడో ఎవరో దగ్గితే వినపడింది.

భుజం మీద పసివాడు కళ్ళు తెరిచాడు. కింది పెదవి వణికింది. ఆ నిశ్శబ్దంలో వాడు ఎత్తుకున్న ఏడుపు హాలు చివరిదాకా పోయింది.

పిన్నిగారి ముఖం చూశాను. ఆ ముఖం నాకు తెలుసు. నేను తొందరపడి చెయ్యి తీసేసి పిల్లను లేపేసిన ప్రతిసారీ చూసిందే.

"దబ్బున ఆపుతారటే!"

ఆ గొంతు ఎక్కడిదో నాకు ఒక క్షణం తెలియలేదు. లోతుగా, మందంగా, ఇన్నేళ్ళూ వాడకుండా దాచిపెట్టిన కొత్త ఇత్తడి బిందెలా మోగింది. "గిలక్కాయా! ఆపితే లేస్తారని తెలీదూ? కొట్టమను! ఒసే గిలక్కాయా, కొట్టమనవే!"

గిలక్కాయ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో, ఏడుస్తోందో. "వినపడింది పిన్నీ!" అంది మైకులో. "వినపడింది! కొట్టరా!"

డ్రమ్ము అందుకుంది. హాలు పైకప్పు లేచిపోతుందేమో అన్నంత హోరు. అంతమందీ "గిలక్కాయా! గిలక్కాయా!" అని అరుస్తున్నారు. నేనూ అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు, గొంతు మాత్రం రెండు రోజులు బొంగురుపోయింది. పసివాడు రెండు వెక్కిళ్ళు పెట్టి, తండ్రి భుజం మీద తల వాల్చి, చరణం మొదలయ్యేసరికి మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు. చివరి పాటను వాళ్ళు ఒక్కసారిగా ముగించలేదు. తగ్గిస్తూ, తగ్గిస్తూ, ఎక్కడ ఆగిందో మాకే తెలియకుండా ఆపారు. పిన్నిగారు తల పంకించారు.

బయటికి వచ్చేసరికి వీధిలో దుకాణాలు ఇంకా తెరిచే ఉన్నాయి. పిన్నిగారు పళ్ళబండి అతన్ని పిలిచారు. రోడ్డుకు అటుపక్క పోతున్న తెలిసినావిడను పిలిచారు. పని లేకపోయినా పిలిచారు. గొంతు ఉందో లేదో తడిమి చూసుకుంటున్నట్టు.

మా బస్సు అప్పటికే స్టాపు వదిలి కదిలిపోయింది. నేను పరుగందుకోబోయాను.

"ఆగు!" అన్నారు వెనక నుంచి పిన్నిగారు.

నేను ఆగాను. బస్సూ ఆగింది.

బస్సు మొత్తాన్నీ ఒకసారి చూశాను. దాని ముందు పిన్నిగారి గేటంత వెడల్పున రోడ్డు ఖాళీగా ఉంది. ఈ కేకకు పాలవ్యానైనా ఇలాగే ఆగుతుంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏంటమ్మా ఆ కేక? గుండె జారిపోయింది!" అన్నాడు.

"జారాలి నాయనా," అన్నారు పిన్నిగారు, తీరిగ్గా మెట్లెక్కుతూ. "ఎక్కు అబ్బాయ్, అలా చూస్తూ నిలబడతావేం? ఇంటి దగ్గర గుండుసూది ఇంకా పడుకుని ఉండదు."