వదిన దవడ ఎలా విరిగిందంటే

అమెరికా ఆసుపత్రుల కాగితాలు చదివి, ప్రతి దెబ్బకూ ఒక కోడ్ వేయడం నా ఉద్యోగం. సూర్యాపేటలో మా ఇంటి ముందు గదిలోనే కూర్చుని చేస్తాను. దవడ విరిగిన కేసైతే రెండు సంగతులు చూడాలి. ఎముక ఎక్కడ విరిగింది, ఎలా విరిగింది. రెండోది మాకు అర్థమైనా సొంతంగా వేయకూడదు, డాక్టరు రాసి ఉండాలి. రాయకపోతే ఆయనకు ప్రశ్న పంపుతాం. జవాబు మనమే అందించినట్టు ఉండకూడదు కాబట్టి పడటం, బండి ప్రమాదం, ఎవరైనా కొట్టడం, తెలియదు అని అన్నీ ఒకే తీరున ముందు పెడతాం. ఈ పద్ధతిలో నాకు ఎప్పుడూ మంచి మార్కులే.

మా ఆయన అక్కను, అంటే మా వదినను, కోదాడలో ఇచ్చారు. పోయిన వానాకాలం ఒక పొద్దున ఆమె భర్తే కారులో తెచ్చి సూర్యాపేట దవాఖానలో చేర్పించాడు. కోదాడలో దవాఖానలు లేక కాదు, అక్కడ అతన్ని అందరూ ఎరుగుదురు. మెట్ల మీద జారిందని మాతో అన్నాడు. ఎక్స్‌రే నా చేతికిచ్చారు. ఎడమ దవడ మూలలో ఒక విరుగు, కుడివైపు గడ్డం పక్కన ఇంకొకటి. మెట్ల మీద బోర్లా పడినవాళ్లకు గడ్డం చీలుతుంది, అరచేతులు గీసుకుపోతాయి. వదిన గడ్డం మీద గీత కూడా లేదు. కుడిచేతి పిడికిలి ఎడమ చెంపకు తగిలిన కాగితాలు నేను ఎన్నో చదివాను. చూడగానే తెలిసింది.

మూడో రోజు పై పళ్లూ కింది పళ్లూ కలిపి తీగలతో బిగించారు. ఆ తర్వాత డ్యూటీ డాక్టరు కేసు షీటు పట్టుకుని వచ్చాడు. కుర్ర డాక్టరు.

"కారణం గడి ఖాళీగ ఉంది. ఎవరన్న కొట్టిన్రా? కొడితే మేం పోలీసులకు చెప్పాలె. ఆమెకు మాట్లాడరాదు ఇప్పుడు, మీరెవరన్న కనుక్కొని చెప్పున్రి."

"తీగలు ఎన్నాళ్లుంచుతారు సార్?" అన్నాడు అన్నయ్య. వదిన భర్తను నేను అలాగే పిలవాలి.

"ఆరు వారాలు."

"ఇంకో ఆరు వారాలుంచండి సార్. ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉంటుంది."

పక్క మంచం వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

అత్తమ్మ నన్ను వరండాలోకి లాక్కెళ్లింది. "పోలీసులొస్తె నా బిడ్డ ఇగ కోదాడ పోదు. దాని ఇద్దరు పోరగాండ్లు గాడనే ఉన్నరు. నేను దాన్ని తీస్కొని యాడన్న కిరాయికి పోవాలె. నీ పిల్లను ఎవరు సూస్తరో సూస్కో."

మా పాపకు అప్పుడు తొమ్మిది నెలలు. నిద్రలో ఊపిరి తీస్తోందో లేదోనని పొట్ట మీద చెయ్యి పెట్టి చూసే మనిషిని నేను. నేను కంప్యూటర్ ముందు కూర్చునే ఎనిమిది గంటలూ పాప అత్తమ్మ చేతుల్లోనే ఉంటుంది. మిర్యాలగూడలో మా అమ్మ బడిపంతులమ్మ, ఆమెకు కుదరదు. పరాయి మనిషిని పెట్టుకునే ధైర్యం నాకు లేదు. వరండాలో నేను ఆలోచించింది ఇదొక్కటే.

అన్నయ్యను బయటికి పొమ్మనవచ్చు. టీ తెమ్మన్నా పోయేవాడు. అనలేదు. అతను మంచం కాళ్ల దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడి ఉండగానే మొదలుపెట్టాను.

"వదినా, నాలుగు చెప్త. ఏది నిజమైతె అన్ని ఏళ్లు సూపెట్టు. ఒకటి, పడ్డవు. రెండు, బండి ప్రమాదం. మూడు, ఎవరన్న కొట్టిన్రు. నాలుగు, యాదికి లేదు."

గొంతు ఎక్కడా హెచ్చలేదు, తగ్గలేదు. నేర్చుకున్నట్టే అడిగాను. ఎవరూ తప్పు పట్టలేరు.

వదిన వేలు చూపించలేదు. నా చేతిలోని పెన్ను కోసం చెయ్యి చాపింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"రాసుడు వద్దు వదినా. ఏలు చాలు."

ఆమె చాపిన చెయ్యి దించింది. తర్వాత ఒక వేలు లేచింది.

"మెట్ల మీద పడ్డది సార్, ఆమెనే చెప్పింది" అన్నాను. డాక్టరు రాసుకుని, చెప్పినవారు అన్నచోట తమ్ముడి భార్య అని రాశాడు. కుడి ఎడమలు సరిగ్గా వేశాడో లేదో కూడా చూసి షీటు తిరిగి ఇచ్చాను.

ఆరు వారాలకు తీగలు తీయించుకోవడానికి వదిన కోదాడ నుంచి ఒక్కతే బస్సులో వచ్చింది. దవాఖాన నుంచి నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోయింది. అక్కడ దవాఖాన కాగితం చూసి, మెట్ల మీద పడ్డావని ఉంది కదమ్మా, చెప్పినామెను తీసుకురా అన్నారట. ఆమె మా ఇంటికి వచ్చింది. నోరు రెండు వేళ్లంత కూడా తెరుచుకోవడం లేదు.

"నా ఎంబడి రా. అబద్ధం చెప్పిన అను, చాలు."

"అది డాక్టరే మార్చాలె వదినా. నేను మారిస్తె చెల్లదు."

"డాక్టరుకేం ఎరుక? నీకు ఎరుక."

"నేను సూడలే కదా."

వంటింట్లోంచి అత్తమ్మ అప్పటికే కోదాడకు ఫోన్ చేసింది. వదినకు వినబడింది. నా చంకలో ఉన్న పాప చెంప నిమిరి, "దీనికి నీ అసోంటి మరదలు రావొద్దు" అంది. కోపంగా అనలేదు, దీవించినట్టే అంది. నేను పాపను ఇంకో చంకకు మార్చుకున్నాను.

గంటకు అన్నయ్య బండి మీద వచ్చాడు. టీ ఇచ్చాను, తాగాడు. గేటు దగ్గర వదిన వెనకాల ఎక్కుతుంటే తల తిప్పి, "సరిగ్గా పట్టుకుని కూర్చో. అసలే పడే అలవాటు నీకు. కాగితం మీద కూడా ఉంది" అన్నాడు. అత్తమ్మ నవ్వుతూ, "మెల్లగ పో అయ్యా" అంది.

పట్టుకోవడానికి బండికి వేరే కడ్డీ లేదు. వదిన అతని భుజం మీద చెయ్యి వేసింది.