దేవానందం గారి పిట్ట

పిట్ట కనబడిందంటే దేవానందం గారికి లోకమంతా నోరు మూసుకోవాలి.

భిలాయి కార్ఖానాలో ఆయన ఫోర్‌మన్. కొలిమి హోరులోనూ వినబడే గొంతు. అలాంటి మనిషి రుఆబాంధా అవతల చెరువుగట్టు ఎక్కితే చాలు, పెదాల మీద వేలు పెట్టుకుని "ష్!" అనేవారు. చర్చి కిటికీలో గువ్వ వాలిందని ప్రార్థన చేస్తున్న పాస్టరు గారినే "ష్!" అన్నారు.

ఓసారి ఉతై వెళ్లే బస్సు ఆపించి, ఇంజను కూడా కట్టేయించారు. తుమ్మకొమ్మ మీద పాలపిట్ట! బస్సంతా ఊపిరి బిగబట్టింది. కాసేపటికి పిట్ట కదిలింది గానీ బస్సు కదల్లేదు. అందరం దిగి తోశాం.

"దగ్గరగా సూసేరా లేదా?" అన్నారాయన, తోస్తూనే.

ఆ శీతాకాలం మా ఆవిడ జ్ఞానప్రసూన విజయనగరం నుంచి కాపురానికొచ్చింది. హిందీ ముక్క రాదు. ఎవరైనా పలకరిస్తే లోపలికి పారిపోయేది. చివరికి ఏడుస్తూ ట్రంకుపెట్టె సర్దుకుంది.

"ఈ ఊర్లో మూగదాన్నైపోనాను. నన్ను రైలెక్కించీండి."

దిక్కుతోచక దేవానందం గారితో చెప్పుకున్నాను.

"ఆదివారం అమ్మాయిని సెరువు కాడికి తీసుకురా బాబూ. కొత్త పిట్టొచ్చింది."

నా కాపురం కూలిపోతుంటే పిట్టేమిటి! ఒళ్లు మండినా తీసుకెళ్లాను. మా వీధి ఆడవాళ్లంతా అప్పటికే గట్టు మీదున్నారు. పంజాబీ, బెంగాలీ, మలయాళీ.

"ష్! మాటాడితే ఎగిరిపోద్ది. సైగలే!" అన్నారాయన, హిందీలో ఓసారి, తెలుగులో ఓసారి.

అందరూ ఒక్కసారిగా మూగవాళ్లైపోయారు. మా ఆవిడ తలెత్తింది. పక్కింటి పంజాబీ ఆవిడ చేతులు రెక్కల్లా ఆడించి ఎక్కడని అడిగింది. మా ఆవిడ కళ్లతోనే, ఆయన చూస్తున్న తుంగవైపు చూపించింది. పంజాబీ ఆవిడ టిఫిన్ డబ్బా తీసి పరాఠా, పచ్చిమిరప ఊరగాయ పెట్టింది. ఒక్క కొరుకు కొరికి జ్ఞానప్రసూన కెవ్వుమంది.

"పానీ! పానీ!"

గట్టంతా గొల్లున నవ్వింది. ఎవరో నీళ్లిచ్చారు, ఎవరో వీపు నిమిరారు. మా ఆవిడ కళ్లనీళ్లతోనే నవ్వుతోంది.

నేను దేవానందం గారి మెడలోని బైనాక్యులర్స్ లాక్కుని తుంగంతా వెతికాను.

"ఏ పిట్టా లేదు కదండీ?"

"నీకెందుకు? ఆ అమ్మాయి నవ్వుతున్నాదా లేదా?"

అంత గోలలోనూ ఎవరినీ నోరు ముయ్యమనకుండా, దేవానందం గారు తాపీగా ఓ పరాఠా చుట్టుకుని తినడం మొదలుపెట్టారు.