హేజెల్‌బెక్‌లో గోడల సెత్

హేజెల్‌బెక్‌లో పదకొండు కుటుంబాల ఇంటిపేరు హేజెల్‌బెక్కే. బెక్ అంటే వాగు; దాని ఒడ్డున హేజెల్ పొదలుండేవి కాబట్టి ఊరికా పేరు. ఊరిపేరే మనుషులకూ అంటుకుంది. అంత గొప్ప పేరుతో ఊళ్లో పనేమీ జరిగేది కాదు. ఒకణ్ని పిలిస్తే పదకొండు తలుపులు తెరుచుకునేవి. అందుకే గుర్రాల టామ్, కుంటి నెడ్, గోడల సెత్.

సెత్‌కి డెబ్బై ఎనిమిదేళ్లు. సున్నం, మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చి కొండవాలున గోడలు కట్టడం అతని పని. పేరంటే మాత్రం మహా మురిపెం. "ఊరూ మేమూ కలిసే పుట్టాం" అని పబ్బులో కోతలు కోసేవాడు. ముప్పై ఏళ్ల కిందట ఎక్కడో దూరాన ఉన్న కార్న్‌వాల్ నుంచి వచ్చిన పోస్ట్‌మాన్ డెన్నిస్ పాస్కోని చివరిదాకా పైఊరివాడనే అన్నాడు.

మార్చిలో డెన్నిస్ పోయాడు. చర్చి ఆవరణలో ఒక్క సమాధికే చోటు మిగిలింది. సెత్ తన కోసం అట్టిపెట్టుకున్నది అదే. డెన్నిస్ భార్య మురియల్ వచ్చి ఆ చోటు అడిగింది.

"పట్నంలో బోలెడంత జాగా ఉంది కదమ్మా. ఇది ఊరివాళ్లది," అన్నాడు సెత్, టీ కప్పు ఆమె వైపు జరుపుతూ.

"మంచులో నడిచి మీ పదకొండిళ్ల ఉత్తరాలు ఒక్కటీ తారుమారు కాకుండా ఇచ్చాడు. ఇంకెప్పుడయ్యా ఊరివాడయ్యేది?"

"నా పేరు చూడు, తెలుస్తుంది."

"చూశాలే. నిన్ను హేజెల్‌బెక్ అని ఎవరు పిలుస్తారు?"

"సంతలో పిలుస్తారు. పక్క లోయలో పిలుస్తారు."

"మరి ఊళ్లో?"

"ఊళ్లో దేనికి? ఇక్కడందరూ హేజెల్‌బెక్ వాళ్లేగా!"

"అయితే మొట్టమొదట ఆ పేరు ఎవడికి పెట్టుంటారు? ఊరు వదిలిపోయినవాడికే కదా. ఇక్కణ్నుంచి కదలనివాడికి దాంతో ఏం పని?"

ముత్తాత సుత్తి భుజాన వేసుకుని పక్క లోయ నుంచి పని వెతుక్కుంటూ వచ్చాడని సెత్‌కి తెలుసు. ఎప్పుడో ఊరు వదిలిపోయిన పూర్వీకుడికి అక్కడివాళ్లు పెట్టిన ఇంటిపేరు ఆయనతోనే ఊరికి తిరిగొచ్చింది. ఆ సంగతి ఎన్నడూ పబ్బులో చెప్పలేదు. సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు రాళ్ల చప్పుడు విని మురియల్ చర్చి దగ్గరికి వెళ్లింది. సెత్ తన పచ్చికబీడు వైపున్న చర్చి ఆవరణ గోడ విప్పుతున్నాడు.

"పాత చోటు డెన్నిస్‌కి. గోడ ఆరడుగులు నా బీడులోకి జరుపుతున్నా. పాదిరిగారు సరేనన్నారు. నాకు అక్కడ చాలు."

ఆమె కళ్లు తుడుచుకుని, కిందున్న రాయి ఒకటి అతనికందించింది. "నీ సమాధి మీద ఏం చెక్కమంటావు?"

"గోడల సెత్ అని. హేజెల్‌బెక్ అని చెక్కితే ఎవడో పైఊరివాడనుకుంటారు."