ఒక్కరికే తెరుచుకునే పుస్తకం

మా కాలేజీ తెలుగు పిల్లల వాట్సాప్ గ్రూపులో మంగళవారం మధ్యాహ్నం ఆ మెసేజ్ చూశాను. లైబ్రరీ ఆంటీ పోయారు.

ఆంటీ కెనడాలో, సస్కటూన్‌లోని మా కాలేజీ లైబ్రరీలో పనిచేసేవారు. ఆన్‌లైన్ కోర్సులకు పుస్తకాలు సమకూర్చడం ఆవిడ పని. మేం వచ్చిన ఏడాది ఏ క్లాసు చూసినా పట్టనంత మందిమి. ఒక కోర్సుకు ఈ-బుక్కే ఆధారం. పబ్లిషర్ ఇచ్చింది ఒకసారికి ఒక్కరే చదివే లైసెన్సు. ఒకరు తెరిస్తే మిగతావాళ్ళం కాచుకుని కూర్చోవాల్సిందే. ఇంకొన్ని ఇమ్మని ఆంటీ రాస్తూనే ఉన్నారు, వాళ్ళు కుదరదంటూనే ఉన్నారు.

చివరికి గ్రూపులో ఆవిడే ఒక పద్ధతి పెట్టారు. పుస్తకం తెరిస్తే "ఎక్కాను", మూస్తే "దిగాను" అని రాయాలి. మూయడం మరిచి పార్ట్‌టైం డ్యూటీకి పోయినవాళ్ళకు ఆంటీ ఫోన్ వచ్చేది. "నాన్నా, దిగావా? వెనక జనం ఉన్నారు."

వరంగల్ నుంచి వచ్చిన నా రూమ్మేట్ ఒకసారి పుస్తకమంతా స్క్రీన్‌షాట్లు తీసి గ్రూపులో పెట్టేశాడు. మన దగ్గర సీనియర్లు నోట్సు పంచినంత మామూలుగా. ఆంటీ తీయించేశారు. వాడికి ఒళ్ళు మండింది.

"ఈ కోర్సు పోతే నా స్టడీ పర్మిట్ ఏమైతది ఆంటీ? వాపస్ ఇంటికి పంపిస్తే?"

"తెలుసు నాన్నా. ఆ పుస్తకం రాసినాయనా ఎక్కడో ఓ మాస్టారే. ఆయన కష్టాన్ని పంచిపెట్టడానికి మనమెవరం? నిన్ను చదవకుండా ఆపడానికి వాళ్ళెవరు? రెండూ తెలుసు. ఏం చెయ్యాలో మాత్రం తెలీదు."

కాపీరైట్ రూల్స్ ఒప్పుకున్న ఒక్క చాప్టర్ కోర్సు పేజీలో పెట్టించారు. పరీక్షలో ప్రశ్నలు మిగతా చాప్టర్ల నుంచి వచ్చాయి. వాడు ఫెయిలయ్యాడు. ఆంటీ మా ఇంటికి పులిహోర డబ్బా పట్టుకొచ్చి, సోఫా అంచున కాసేపు కూర్చుని వెళ్ళిపోయారు. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా మాకు రాలేదు.

వాడు ఆ కోర్సు మళ్ళీ చదివి, ఇప్పుడు మాంట్రియల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. గ్రూపులోకి ఏటా కొత్త పిల్లలు వస్తున్నారు. పుస్తకం ఇప్పటికీ ఒక్కరికే తెరుచుకుంటుంది.

మంగళవారం ఆ మెసేజ్‌కు పైన ఎవరిదో "దిగాను" ఉంది. తర్వాత ఎవరూ ఎక్కలేదు. మర్నాడు ఆ కోర్సు పరీక్ష. సాయంత్రం మాంట్రియల్ నుంచి వాడే రాశాడు. "బుక్కు ఖాళీగ ఉంది. ఎవరన్న ఎక్కుండ్రి, ఆంటీ ఊకోదు."

చాలాసేపటికి ఒకమ్మాయి "ఎక్కాను" అంది. కాసేపటికే "చదవలేకపోతున్నా, దిగాను" అని రాసింది.

వెనక ఎవరూ లేరు.