గద్వాలకు నేను తెచ్చిన సముద్రం

కోపం రావడానికి కారణం అక్కర్లేని వయసొకటి ఉంటుంది. రెండువేల ఎనిమిది ప్రాంతంలో నేను ఆ వయసులో ఉండి, గద్వాలలో ఒక నెట్ సెంటర్లో పనిచేసేవాణ్ని. దాని యజమానిని ఊరంతా భాయి అనేది. గిరాకీ లేనప్పుడు, ప్రపంచంలోని జనమంతా కలిసి ఇంటర్నెట్లో గీసే ఒక మ్యాపులో నేను మా ఊరిని గీసేవాణ్ని. మా అసలు ఊరు డ్యాం నీళ్లలో మునిగిపోతే, మెరక మీద కొత్తగా కట్టిన ఊరు మాది. ఏ మ్యాపులోనూ దాని పేరు లేదు. కృష్ణను చక్కగా చూపించి, పక్కనే ఉన్న మమ్మల్ని వదిలేశారు. ఒళ్లు మండదా మరి? "మన ఊరిని మ్యాపుల పెడ్త, వచ్చి చూడు" అని అమ్మకు మాటిచ్చాను.

ఊరు గీశాను, పేరు పెట్టాను. తర్వాత డ్యాం వెనక నిలిచిన కృష్ణ ఒడ్డు గీసి, ఆ గీత ఏమిటో చెప్పడానికి జాబితా తెరిచాను. అందులో రివర్‌బ్యాంక్ అని ఒకటుంది. అప్పట్లో గ్రామీణ బ్యాంకులకు నదుల పేర్లుండేవి కాబట్టి, (నవ్వకండి) ఇదీ అలాంటి బ్యాంకేదో అనుకుని దాటేశాను. కింద కోస్ట్‌లైన్ కనిపించింది. నిఘంటువు తీస్తే తీరం అని ఉంది. బడి పుస్తకం నుంచి పుష్కరాల గోడపత్రిక దాకా అందరూ రాసేది కృష్ణాతీరమనే కదా! అదే పెట్టేశాను.

రెండు రోజులకు డెల్టా వైపు ఒకాయన (అసలు పేరు తెలియదు, భాయీ నేనూ సముద్రం సారు అనుకునేవాళ్లం) నా గీత చెరిపేసి, కోస్ట్‌లైన్ అంటే సముద్రతీరం, అది కృష్ణ సముద్రంలో కలిసేచోట ఆగాలండీ, ఆ పైనది నది అని రాశాడు. ఆ మర్యాదకే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఒడ్డు తీరం కాదనడానికి ఎక్కడో కింద కూర్చున్న ఈయనెవరు? మళ్లీ గీశాను. మళ్లీ చెరిపాడు. ఆ కలిసేచోటేదో చూపించమని నిలదీశాను. తీరా చూస్తే అది ఆ మ్యాపు గీసేవాళ్లకే తేలలేదు. పోటునీళ్లు ఎక్కివచ్చినంత మేరా సముద్రమేనని ఒకరు, ఈ ఒడ్డు మొన నుంచి ఆ ఒడ్డు మొనకు గీత గీసి ఆపాలని ఇంకొకరు నెలలుగా వాదించుకుంటున్నారు. మీలో మీకే తేలని సముద్రం నది అవతలున్న మా అమరచింత దాకా వస్తే మీకేం నొప్పి అని టకటకా కొట్టాను. "కీబోర్డ్ నాది భయ్, జర మెల్లగ" అన్నాడు భాయి. మూడోసారి గీశాక సముద్రం సారు చెరపలేదు. విసుగెత్తి ఊరుకున్నాడు కాబోలు. నేను గెలిచాననుకున్నాను.

ఆ మ్యాపులో బొమ్మ మారడానికి రోజులు పట్టేది. వారం తర్వాత అమ్మ మోకాళ్ల నొప్పులకు గద్వాల దవాఖానకొస్తే, అటునుంచటే తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి మ్యాపు తెరిచాను. తెరంతా నీలం. కోస్ట్‌లైన్ అని రాసిన గీతకు ఒక పక్క నేల, ఇంకో పక్క సముద్రం అని కంప్యూటర్ లెక్కట. ఏ పక్క ఏదో నేను చూసుకోలేదు. గద్వాల నుంచి అమరచింత దాకా సముద్రమే, మధ్యలో మా ఊరి పేరు తేలుతోంది. సముద్రం సారును తిట్టబోయి, గీత నాదేనని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

గీ నీలమంత ఏందని అమ్మ అడిగింది. నీళ్లన్నాను. మన ఊరేదంటే, పేరు మీద వేలు పెట్టి చూపించాను. అమ్మకు చదువు రాదు గానీ నీళ్లు తెలుసు.

"పాతూరు డ్యాంల మునిగె. కొత్తూరును నువ్వు ముంచితివా బిడ్డా?"

భాయి పకపకా నవ్వాడు. నేనూ నవ్వబోయి అమ్మ ముఖం చూశాను. ఆమె నవ్వడం లేదు.

అమ్మను బస్సెక్కించి వచ్చి నా గీత నేనే చెరిపాను. క్షమించమని రాయడానికి రోషం అడ్డొచ్చి, సరిచేశానని మాత్రం సముద్రం సారుకు రాశాను. సంతోషమండీ, మీ ఊరి పేరు మాత్రం నేను ఎప్పుడూ ముట్టుకోలేదు అని జవాబిచ్చాడు. నిజమే, ముట్టుకోలేదు. కృష్ణ పరువంతా తన మీదే ఉన్నట్టు ఊగిపోయిన అప్పటి నాలోని కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నాకే ముద్దొస్తాడు. అమ్మకు మాత్రం ఆ తర్వాత ఏ మ్యాపూ చూపించలేదు.