ఎండకు నిలిచిన ఎంజైమ్

డిగ్రీలో మాకు మైక్రోబయాలజీ చెప్పిన మేడం మొన్న తెల్లవారుజామున సూర్యాపేటలో కన్నుమూశారు. ఫోన్ వచ్చేసరికి నేను కోదాడ దగ్గర, మేమిద్దరం కలిసి పెట్టిన షెడ్డులో ఉన్నాను. ట్యాంకులో బ్యాక్టీరియా పెరుగుతోంది. ఆమె ఉంటే మధ్యలో వదిలి రానిచ్చేవారు కాదు. బ్యాచ్ దించి, వడగట్టి, అప్పుడు బయల్దేరాను.

రిటైరయ్యాక మేడం తలకెత్తుకున్న పని, బట్టల పౌడర్లో కలిపే ఎంజైమ్ తయారీ. నెత్తురు, పాలు, చెమట మరకలను విడగొట్టే పదార్థం అది. దాన్ని బ్యాక్టీరియా చేత చేయించాలి. అందుకోసం ఆమె మిర్యాలగూడ రైస్ మిల్లుల వెనక, ఊక బూడిద పోసేచోట తడిమట్టి తవ్వేవారు.

"సబ్బునీళ్లల్ల ఎట్ల క్షారముంటదో ఈ మట్టిల గూడ అట్లనే. ఈడ బతికింది ఆడ గూడ పనిజేస్తది" అనేవారు.

"బూడిదల బంగారమున్నదా మేడం?" అని మిల్లు వాచ్‌మన్ నవ్వాడు ఒకసారి.

"బట్టలుతికే పురుగున్నదయ్యా."

ఆ మట్టిలో దొరికిన బ్యాక్టీరియాతో చేసిన మొదటి పొడిని ఒక దవాఖానలో దుప్పట్లు ఉతికే అక్కకు ఇచ్చాం. బ్లీచింగ్‌కు ఆమె చేతులు పగిలి ఉండేవి. చన్నీళ్లలో నానబెట్టి చూసి, "మరక ఇడిసింది మేడం, చేతులు గూడ మండుతలేవు" అంది. కోదాడ వ్యాపారి ఒకాయన ఉన్నదంతా కొంటానన్నాడు. అంతలో ఎండలు ముదిరాయి. రేకుల షెడ్డులో ఉన్న అదే పొడిని మళ్లీ ఇస్తే, ఆ అక్క మొహమాటపడలేదు.

"ఇది పనిజేస్తలేదు మేడం."

వ్యాపారి మాత్రం వదల్లేదు. "తాజాగా ఉన్నప్పుడే ఇచ్చేయండి. జనం ఎన్నాళ్లు దాచుకుంటారు?" అన్నాడు. షెడ్డు నడవాలంటే ఆ బేరం కావాలి. మేడం గొంతు పెంచలేదు.

"మన ఎండకు నిలవనిది మనోళ్లకు ఎట్ల అమ్ముతం? జర ఆగుండ్రి."

బేరం పోయింది. ఎంజైమ్ వేడికి తట్టుకునేలా మేం కాల్షియం కలిపి చూశాం. పొడిని గింజలుగా చేసి పైన గంజి పొర తొడిగాం. కొన్ని పొరలు పగిలాయి, కొన్ని తేమ పీల్చాయి. "చెడిపోయింది గూడ పాఠం చెప్తది" అంటూ మళ్లీ మొదలుపెట్టేవారు. చివరికి కుదిరిన గింజలను రోహిణి కార్తె అంతా ఆ రేకుల కిందే ఉంచారు.

తొలకరి పడ్డాక అక్క దుప్పటి నానబెట్టింది. మేడం బకెట్ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"ఇడిసింది" అంది అక్క.

మేడం ఆమె అరచేతులు తిప్పి చూశారు. "ఇగ అమ్ముదాం" అన్నారు. ఆ గింజలు ఇప్పుడు మా మూడు ఊళ్ల దుకాణాల్లోని పౌడర్‌లో ఉన్నాయి.

నేను సూర్యాపేట చేరేసరికి వీధినిండా ఆమె శిష్యులే. మిర్యాలగూడలో డయాగ్నొస్టిక్ ల్యాబ్ నడిపే మా సీనియర్ పని మీంచి నేరుగా వచ్చినట్టుంది. ఒంగి మేడం పాదాల మీద మల్లెపూలు పెట్టింది. బ్యాక్టీరియా కనబడేలా స్లైడ్లకు వేయమని మేడం నేర్పిన ఊదారంగు సీనియర్ వేళ్లకు ఇంకా ఉంది. పూల తడికి కరిగి, ఒక్కో తెల్లటి పూరేకు మీద కొద్దికొద్దిగా అంటుకుంది.